సైన్స్ ఫిక్షన్ మీద పీహెచ్‌డీ చేస్తే అన్నం పెడుతుందా?

రేపల్లె_ప్యాసింజర్ | శనివారం రాత్రి 10:12

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు. ఎమ్మే ఇంగ్లీషు అయింది. నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) గట్టెక్కాను, జేఆర్ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) మాత్రం రెండుసార్లూ తప్పింది. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ సాహిత్యం మీద పీహెచ్‌డీ చేయాలని కోరిక. పోయిన వారం ఒక యూనివర్సిటీలో ఇంటర్వ్యూ. (పేరు చెప్పను, మళ్ళీ అక్కడే అప్లై చేయాల్సి రావచ్చు.) సినాప్సిస్ నాలుగు కాపీలు స్పైరల్ బైండింగ్ చేయించి పట్టుకెళ్ళాను. బోర్డులో పెద్దాయన అట్ట మీద టైటిల్ చూసి, పేజీ తిప్పకుండానే "ఏమ్మా, గ్రహాంతరవాసుల మీదా?" అని పక్కాయన వైపు చూసి నవ్వారు. పక్కాయనా నవ్వారు. తర్వాత మా నాన్నగారు ఏం చేస్తారని అడిగారు. అంతే ఇంటర్వ్యూ.

తిరిగొచ్చేటప్పుడు రైల్లో ఒకటే ఆలోచన. అసలు ప్రపంచంలో ఎవరైనా ఇదే పనిగా బతికారా? సరదాకి ఒక వ్యాసం రాసినవాళ్ళు కాదు. జీవితమంతా ఈ సాహిత్యాన్నే చదివి, చదివించి, దాని మీదే జీతం తీసుకుని రిటైరైనవాళ్ళు ఉన్నారా? ఉంటే వాళ్ళనీ చూసి ఇలాగే నవ్వారా? తెలిసినవాళ్ళు చెప్పండి. ఇంట్లో బీఈడీ చేయమని ఒకటే పోరు.

బాలానగర్_లేత్ | శనివారం రాత్రి 10:31

చెల్లీ, బీఈడీ చెయ్యి. నేను ఎంటెక్ చేసి మా మావయ్య షెడ్డులో లేత్ మెషీన్ తిప్పుతున్నా. నాకు ఆ పుస్తకాలంటే ప్రాణం, కానీ వాటిని చదవడానికి డిగ్రీ ఎందుకో అర్థం కాదు. కథ బాగుంటే చదువుతాం, లేకపోతే పక్కన పడేస్తాం. దాని మీద 300 పేజీలు రాస్తే ఎవరికి లాభం?

పాత_కాగితం | శనివారం రాత్రి 11:05

అమ్మా ప్యాసింజర్ గారూ, నేను డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ణి. మీరడిగినలాంటి మనిషి ఒకరు కాదు, చాలామంది ఉన్నారు. ఒకాయన సంగతి మాత్రం వివరంగా చెప్పాలి. ఎందుకంటే నవ్వినవాళ్ళ నోరు మూయించడానికి అందరికంటే ఎక్కువ శ్రమపడినవాడు ఆయనే. పేరు డార్కో సువిన్.

1930లో జాగ్రెబ్‌లో పుట్టాడు. అప్పుడది యుగోస్లావియా, ఇప్పుడు క్రొయేషియా. యూదు కుటుంబం. అసలు ఇంటిపేరు ష్లెసింగర్. యూదుల మీద ద్వేషం ముదురుతుంటే 1939లో కుటుంబం మొత్తం ఇంటిపేరు మార్చుకుంది. అప్పటికి అతనికి తొమ్మిదేళ్ళు. మన ఇళ్ళలో తొమ్మిదేళ్ళ పిల్లవాడికి ఇంటిపేరు రాయడం సరిగ్గా అప్పుడప్పుడే వస్తుంది. యుద్ధంలో తాతలూ అమ్మమ్మలూ సహా బంధువులు ఎంతోమంది పోయారు. ఒకరోజు అతనికి దగ్గర్లోనే బాంబు పేలింది. అతనికి ఏమీ కాలేదు. సైన్స్ ఫిక్షన్ మీద ఆసక్తికి ఆ రోజే మొదలని తర్వాత చెప్పుకున్నాడు. బాంబులో ఉన్న సైన్సు చూసి కాదు. ఆ బాంబు కాస్త అటుగా పడి ఉంటే తాను లేని ప్రపంచం ఒకటి ఉండేది కదా అన్న ఆలోచన వల్ల.

జాగ్రెబ్ యూనివర్సిటీలోనే పాఠాలు చెబుతూ 1965లో ఒక పుస్తకం వేశాడు. దాని పేరుకి అర్థం "లూసియన్ నుంచి లూనిక్ దాకా". లూసియన్ అంటే రెండో శతాబ్దంలో చంద్రుడి మీదికి ప్రయాణం కథ రాసిన రచయిత. లూనిక్ అంటే సోవియట్‌వాళ్ళు చంద్రుడి మీదికి పంపిన యంత్రం. పేరులోనే దాదాపు పద్ధెనిమిది వందల ఏళ్ళ వంశవృక్షం పెట్టేశాడు. ఈ సాహిత్యం నిన్న మొన్న చవక పత్రికల్లో పుట్టింది కాదురా నాయనా అని చెప్పడం అన్నమాట.

తర్వాత అట్లాంటిక్ దాటి, 1968 నుంచి కెనడాలో మాంట్రియల్ నగరంలోని మెక్‌గిల్ యూనివర్సిటీలో చేరాడు. 1999 దాకా అక్కడే. 31 ఏళ్ళు. జీతం తీసుకునే రిటైరయ్యాడు, మీ ప్రశ్నకి జవాబుగా చెబుతున్నా. ఆ పైన ఇటలీలో లుక్కా అనే ఊళ్ళో స్థిరపడ్డాడు.

మిగతాది రేపు. కళ్ళు లాగుతున్నాయి.

అట్లాంటా_కాకి | ఆదివారం ఉదయం 6:20

మాస్టారూ, సువిన్ పేరు ఇక్కడ చూస్తాననుకోలేదు. నేను సాఫ్ట్‌వేర్‌వాణ్ణే గానీ ఈ ఊళ్ళో పాత పుస్తకాల షాపుల్లో తిరగడం నా జబ్బు. మాస్టారు కొనసాగించేలోపు ఒక తమాషా చెబుతాను.

1973లో సువిన్, ఆర్.డి. మలెన్ అనే ఇంకో ప్రొఫెసర్ కలిసి "సైన్స్ ఫిక్షన్ స్టడీస్" అనే పత్రిక మొదలుపెట్టారు. మలెన్ ఇండియానా రాష్ట్రంలో టెర్రె హోట్ అనే చిన్న ఊళ్ళో ఉండేవాడు. ఆ పత్రిక ఇప్పటికీ వస్తోంది. సరే, 1974 సెప్టెంబరులో ఫిలిప్ కె. డిక్ అనే అమెరికన్ సైన్స్ ఫిక్షన్ రచయిత ఎఫ్‌బీఐకి ఒక ఉత్తరం రాశాడు. పిటిషన్ అనొచ్చు. అందులో సువిన్, ఫ్రెడ్రిక్ జేమ్సన్, పీటర్ ఫిటింగ్, ఫ్రాంజ్ రాటెన్‌స్టైనర్ అనే ఈ విమర్శకులందరూ మార్క్సిస్టు కుట్రలో భాగమనీ, వాళ్ళ వెనక పోలండు రచయిత స్తానిస్వావ్ లెమ్ ఉన్నాడనీ ఫిర్యాదు. అసలు లెమ్ అనేవాడు ఒక మనిషే కాదట, ఒక కమిటీ అట! ఒక్కడే అన్ని రకాలుగా ఎలా రాస్తాడని ఆయన అనుమానం.

ఇక్కడే అసలు మజా. ఆరు నెలలు తిరిగేసరికి, 1975 మార్చిలో, ఆ పత్రిక డిక్ రచనల మీద ఒక ప్రత్యేక సంచిక వేసింది. అందులో సువిన్ వ్యాసం ఉంది, జేమ్సన్ వ్యాసం ఉంది. లెమ్ వ్యాసం కూడా ఉంది. అమెరికా సైన్స్ ఫిక్షన్ మొత్తం దొంగ సరుకు, ఈ ఒక్కడే ద్రష్ట అని లెమ్ అందులో డిక్‌ని ఆకాశానికెత్తాడు. పోలీసులకి పట్టించబోయినవాణ్ణి పీటలేసి కూర్చోబెట్టినట్టయింది. డిక్ పుస్తకాలు ఇవాళ యూనివర్సిటీల్లో పాఠాలుగా ఉన్నాయంటే ఆ "కుట్రదారుల" పుణ్యం కొంత ఉంది.

కాబట్టి చెల్లీ, నీ బోర్డువాళ్ళు నవ్వారంతే. పోలీసు కంప్లైంటు ఇవ్వలేదుగా.

బాలానగర్_లేత్ | ఆదివారం ఉదయం 9:02

కమిటీ 😂 మా షెడ్డులో ఇన్‌స్పెక్షన్‌కి వచ్చేది కూడా ఒకడే, సంతకాలు మాత్రం నాలుగుంటాయి.

సరే, కథలు బాగున్నాయి. కానీ ఈ సువిన్ చేసిందేమిటి? పత్రిక పెట్టాడు, పాఠం చెప్పాడు. అంతకు ముందు ఎవరూ చెప్పలేదా?

పాత_కాగితం | ఆదివారం ఉదయం 11:40

చెప్పారు. ఆయన కంటే ముందు దారి వేసినవాళ్ళున్నారు. జె.ఓ. బెయిలీ అనే ఆయన 1947లోనే ఒక పెద్ద చరిత్ర పుస్తకం అచ్చు వేశాడు. 1959లో థామస్ క్లేర్సన్ ఒహాయో రాష్ట్రంలోని ఒక చిన్న కాలేజీ నుంచి "ఎక్స్‌ట్రాపొలేషన్" పత్రిక మొదలుపెట్టాడు. 1970లో పరిశోధకుల సంఘం ఏర్పడి, బెయిలీ పుస్తకం పేరులోంచే "పిల్‌గ్రిమ్" అనే మాట తీసి ఏటేటా ఒక పండితుడికి అవార్డు ఇవ్వడం మొదలుపెట్టింది. సువిన్‌కి అది 1979లో వచ్చింది.

అయితే వీళ్ళందరి దగ్గరా ఒకటే లోటు. జాబితాలున్నాయి, చరిత్ర ఉంది, అభిమానం ఉంది. "ఏది సైన్స్ ఫిక్షన్, ఏది కాదు, ఎందుకు" అని నిలదీస్తే చెప్పడానికి గట్టి మాట లేదు. రాకెట్టు ఉంటే చాలా? రోబో ఉంటే చాలా? ఆ గట్టి మాట ఇచ్చినవాడు సువిన్. 1972లో ఒక వ్యాసంగా, 1979లో యేల్ యూనివర్సిటీ ప్రెస్ వేసిన "మెటమార్ఫొసెస్ ఆఫ్ సైన్స్ ఫిక్షన్" పుస్తకంగా. మోర్, స్విఫ్ట్, వెల్స్ నుంచి చెక్ రచయిత కారెల్ చాపెక్ దాకా అందులో వస్తారు. సైన్స్ ఫిక్షన్ అంటే "కాగ్నిటివ్ ఎస్ట్రేంజ్‌మెంట్" సాహిత్యం అన్నాడు.

రేపల్లె_ప్యాసింజర్ | ఆదివారం ఉదయం 11:58

సార్, ఈ రెండు మాటలూ నా సినాప్సిస్‌లో పదకొండు చోట్ల ఉన్నాయి. నిజం చెప్పనా? వేరేవాళ్ళ థీసిస్‌లలో చూసి రాశాను. బోర్డువాళ్ళు అడగకపోవడమే మంచిదయింది. తెలుగులో చెప్పగలరా?

పాత_కాగితం | ఆదివారం మధ్యాహ్నం 3:15

నిజం ఒప్పుకున్నారు, సగం పీహెచ్‌డీ అయినట్టే.

భోజనం చేసి కునుకు తీసి వచ్చా. వినండి. సువిన్ నాటకరంగం మీద, ముఖ్యంగా జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ మీద కూడా పెద్ద పండితుడు. బ్రెహ్ట్ ఒక చోట గెలీలియో సంగతి చెబుతాడు. చర్చిలో పైకప్పు నుంచి గొలుసుతో వేలాడే దీపం అటూ ఇటూ ఊగుతోంది. అక్కడికొచ్చే వందలమంది దాన్ని రోజూ చూస్తారు. దీపం ఊగుతుంది, అందులో వింతేముంది? గెలీలియో మాత్రం ఎన్నడూ చూడనివాడిలా దాన్ని చూశాడు. ఊపు చిన్నదైనా పెద్దదైనా ఒకటే సమయం పడుతోందేమిటి అని ఆగిపోయాడు. తెలిసిన దాన్ని తెలియనిదానిలా చూడడం ఎస్ట్రేంజ్‌మెంట్. మన విమర్శకులు దీన్ని "అపరిచితీకరణ" అంటారు. ఆ చూపు అక్కడితో ఆగకుండా "ఎందుకు, ఎలా" అని లెక్క కట్టే దాకా వెళ్ళడం కాగ్నిషన్.

రెండూ కలిసి ఉండాలి. అదీ సువిన్ పట్టు. మొదటిది మాత్రమే ఉంటే అది జానపద కథ కావచ్చు, పురాణం కావచ్చు. రెండోది మాత్రమే ఉంటే మామూలు వాస్తవిక నవల. కథలో మన లోకంలో లేని ఒక కొత్త వస్తువో పద్ధతో ఉండాలి. దానికి "నోవమ్" అనే మాటని ఎర్న్‌స్ట్ బ్లాఖ్ అనే జర్మన్ తత్వవేత్త దగ్గర తీసుకున్నాడు. ఆ ఒక్క కొత్తదాన్ని ఒప్పుకుంటే, కథలో మిగతాదంతా దాని వెంట తర్కంగా నడవాలి. చదివి పుస్తకం మూశాక మన వీధిని మనం గెలీలియో దీపంలా చూడాలి.

లేత్ గారూ, లాభం ఎవరికి అన్నారుగా. వాస్తవం నుంచి పారిపోయేవాళ్ళ సాహిత్యం అని అందరూ తీసిపారేస్తున్న చోట, కాదు, వాస్తవాన్ని తేరిపార చూడడానికే ఈ సాహిత్యం అని ఒకాయన తర్కంతో నిలబెట్టాడు. ఆ తర్వాత సిలబస్ కమిటీల్లో వాదించేవాళ్ళకి చేతిలో ఒక కర్ర దొరికింది.

మట్టిగాజులు | ఆదివారం సాయంత్రం 6:44

పాత కాగితం గారి మీద నాకెంతో గౌరవం. కానీ ఆ కర్రతో ఎవరిని కొట్టారో కూడా చెప్పండి మాస్టారూ.

నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. ఆ 1979 పుస్తకంలోనే సువిన్ ఫాంటసీని ఏమన్నాడు? జనాన్ని మభ్యపెట్టే చిల్లర సాహిత్యం అన్నాడు. సైన్స్ ఫిక్షన్‌నీ ఫాంటసీనీ ఒకే అరలో పెట్టి అమ్మడం ఒక సామాజిక జబ్బు అన్నంత దూరం వెళ్ళాడు. జానపద కథలో ఎగిరే తివాచీ గురుత్వాకర్షణని లెక్కచేయదు కాబట్టి, దానికి ఆలోచనతో పనిలేదట.

అంటే మన పుష్పక విమానం? ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుండే విమానం. కాశీమజిలీ కథలు? చందమామ సీరియళ్ళు? దాసరి సుబ్రహ్మణ్యం గారు 1950ల నుంచి దశాబ్దాల పాటు చందమామలో సీరియళ్ళు రాశారు. పత్రికలో ఆయన పేరు కూడా పడేది కాదు. మాంత్రికులు, నరవానరాలు, ఒంటికన్ను రాక్షసులు. ఆ కథలు చదివే నేను ఆలోచించడం నేర్చుకున్నా. "తర్వాత ఏం జరుగుతుంది, ఎందుకు జరుగుతుంది" అని నెలంతా తర్కించుకునేవాళ్ళం మా అన్నయ్యా నేనూ. ఎక్కడో మాంట్రియల్‌లో కూర్చున్నాయన గీత గీస్తే ఆ గీతకి అవతల మేమెందుకు నిలబడాలి?

ఫాంటసీ మీద కూడా పీహెచ్‌డీ చేస్తానంటున్న అమ్మాయికి మొదటే సువిన్ని ఎత్తి ఇస్తే, బావిలో దిగమని చెప్పి తాడు కోసినట్టు.

బాలానగర్_లేత్ | ఆదివారం సాయంత్రం 7:10

టీచరమ్మా, నేను ఇప్పుడు సువిన్ పార్టీ. పుష్పకంలో ఏ ఇంజను, ఎన్ని హార్స్‌పవర్, ఏ ఇంధనం? చెప్పలేదుగా. మంత్రం వేస్తే ఎగిరింది అన్నాక కథలో ఏమైనా జరగొచ్చు. అప్పుడిక టెన్షన్ ఏముంటుంది? రంపం పోతే మంత్రం, మంత్రం పోతే వరం.

అట్లాంటా_కాకి | సోమవారం ఉదయం 5:50

అక్కడే నీకు చిక్కు. వెల్స్ నవల "టైమ్ మెషీన్"లో ఏ ఇంజను, ఏ ఇంధనం? కథానాయకుడు నికెల్, దంతం, స్ఫటికం తీసుకుని మెరిసేలా ఒక బండి తయారుచేశాడు. నాలుగో పరిమాణం గురించి భోజనాలయ్యాక ఒక ఉపన్యాసం ఇచ్చాడు. మనం నమ్మేశాం. కాంతికన్నా వేగంగా పోయే ఓడలన్నీ అంతే. ఎగిరే తివాచీ ఎంత నిజమో అవీ అంతే నిజం.

ఈ చిక్కు పండితులకీ తగిలింది. 2000లో కార్ల్ ఫ్రీడ్‌మన్ అనే విమర్శకుడు దీన్ని కాస్త సర్దాడు. కథలోని సైన్సు నిజమా కాదా అన్నది కాదు ముఖ్యం, ఆ కథ తన సైన్సుని తాను ఎంత నిజంగా పట్టించుకుంటోంది అన్నది ముఖ్యం అన్నాడు. 2009లో చైనా మియెవిల్ (ఆయన స్వయంగా ఫాంటసీ నవలా రచయిత, పైగా సువిన్‌లాగే మార్క్సిస్టు) ఇంకో మెట్టు దిగి తవ్వాడు. అది తర్కం కాదు బాబూ, పెత్తనం అన్నాడు. సైంటిస్టు గొంతుతో ఒకడు ధీమాగా చెబుతాడు, మనం తలూపుతాం. మరి మాంత్రికుడి మాటకి తలూపితే తప్పేమిటి?

రేపల్లె_ప్యాసింజర్ | సోమవారం ఉదయం 7:30

ధీమాగా ఒకరు నవ్వితే పక్కాయనా నవ్వినట్టు.

మట్టిగాజులు | సోమవారం ఉదయం 7:34

👏👏 ఈ ఒక్క మాట సినాప్సిస్‌లో పెట్టమ్మా, మార్కులు నేనిస్తా.

కాపలాదారు (నిర్వాహకులు) | సోమవారం ఉదయం 10:00

మధ్యలో 14 వ్యాఖ్యలు తీసేశాను. పుష్పక విమానం నిజంగా ఎగిరిందా, పాదరసం ఇంజనుతో ఎగిరిందా అనే చర్చకు వేరే పేజీ ఉంది, అక్కడ ఇప్పటికే 600 వ్యాఖ్యలున్నాయి, వెళ్ళి సుఖపడండి. ఇక్కడ సాహిత్యం వరకే.

పాత_కాగితం | సోమవారం రాత్రి 8:20

గాజుల గారూ, మీ దెబ్బ న్యాయమైనదే. నేను దాచాలనుకోలేదు, అక్కడికే వస్తున్నా.

ఆ గోడ అంత ఎత్తుగా ఎందుకు కట్టాడో కాస్త ఆయన వైపు నుంచి చూడండి. పచ్చి అబద్ధాల పురాణం ఒకటి అల్లి, జాతి రక్తం అని, పూర్వ వైభవం అని జనాన్ని పూనకం ఎక్కించి, ఆ పూనకంలో తన తాతల్ని చంపినవాళ్ళని చిన్నప్పుడే చూసిన మనిషి. మంత్రం, మహిమ, రహస్యం అనే మాటలు వింటేనే ఆయనకి ఒళ్ళు జలదరించి ఉంటుందని నేననుకుంటా. ఇది నా ఊహ. కానీ ఆ పుస్తకం చదువుతుంటే ఫాంటసీ దగ్గరికొచ్చేసరికి పండితుడి గొంతు పోయి దెబ్బతిన్నవాడి గొంతు వినిపిస్తుంది నాకు. రెండో కారణం లౌక్యం. కొత్తగా ఊళ్ళోకి వచ్చి ఇల్లు కట్టుకునేవాడు ముందు ప్రహరీ కడతాడు. యూనివర్సిటీలో చోటు కావాలంటే "మేం వాళ్ళలాంటివాళ్ళం కాదు" అని ఎవరినో ఒకరిని చూపించాలి. పాపం ఫాంటసీ పక్కనే ఉంది, దొరికింది.

అయితే ఆయనలో నాకు నచ్చేది తర్వాతి సంగతి. 2000లో, అంటే డెబ్భయ్యో ఏట, రిటైరైన మరుసటి ఏడాది, క్లేర్సన్ పెట్టిన ఆ "ఎక్స్‌ట్రాపొలేషన్" పత్రికలోనే ఫాంటసీ మీద పొడుగాటి వ్యాసం రాశాడు. చదివేవాళ్ళు అటు మళ్ళాక కళ్ళు మూసుకుని కూర్చోవడం కుదరదని, మళ్ళీ మొదటి నుంచి ఆలోచించాడు. పూర్తిగా లొంగిపోయాడని చెప్పను, లొంగే రకం కాదు. కానీ ఇరవై ఏళ్ళు తన పేరు మీద చెలామణీ అయిన తీర్పుని తానే మళ్ళీ విచారణకి పెట్టాడు. నేను ముప్పై ఏళ్ళు ఒకే నోట్సుతో పాఠం చెప్పాను. అందుకే నాకు ఆయనంటే సిగ్గూ గౌరవమూ.

ఇక ఫాంటసీ వైపు కూడా పండితులున్నారు ప్యాసింజర్ గారూ. ఇద్దరిని చదవండి. బ్రయన్ ఆటెబెరీ, అమెరికాలో ఐడహో స్టేట్ యూనివర్సిటీ ప్రొఫెసర్‌గా పనిచేశారు. 1992 పుస్తకంలో ఆయన గోడ జోలికే పోలేదు. ఫాంటసీ అనేది మధ్యలో చిక్కగా ఉండి అంచులకి వెళ్ళేకొద్దీ పలచబడే గుంపు అన్నాడు. మన పాత ఊళ్ళలా అన్నమాట. రచ్చబండ ఎక్కడో అందరికీ తెలుసు, పొలిమేర ఎక్కడో అడిగితే కరణానికొక లెక్క, పశువుల కాపరికొక లెక్క. ఈ చూపుతో పుష్పకాన్నీ టైమ్ మెషీన్‌నీ తగువు లేకుండా ఒకే ఊళ్ళో కాపురం పెట్టించొచ్చు.

రెండోది ఫారా మెండెల్‌సన్ 2008 పుస్తకం "రెటరిక్స్ ఆఫ్ ఫాంటసీ". మాయ కథలోకి ఎలా వస్తుందన్నదే ప్రశ్న. మనం ద్వారం దాటి మాయాలోకంలోకి వెళ్తామా? మొదటి నుంచీ అందులోనే ఉన్నామా? మాయే మన లోకంలోకి చొరబడుతుందా? లేక వచ్చిందో లేదో తేలకుండా గుమ్మంలోనే నిలబడుతుందా? ఒక్కో రకానికి కథ చెప్పే గొంతు మారిపోతుందంటారు. మీకు పనికొచ్చే సంగతి ఇంకోటుంది. మెండెల్‌సన్ మొదట చరిత్ర పరిశోధకులు. స్పెయిన్ అంతర్యుద్ధంలో క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ళు చేసిన సహాయ కార్యక్రమాల మీద మొదట పనిచేశారు. దారి సూటిగా ఉండాలని లేదు.

జీతం_రాని_నెల | సోమవారం రాత్రి 11:47

ఇన్ని మంచి మాటల మధ్య చేదు నేను కలుపుతా. ఇంగ్లీషులో పీహెచ్‌డీ ఉంది, గెస్ట్ ఫ్యాకల్టీగా పీరియడ్‌కింతని తీసుకుంటున్నా. వేసవి సెలవుల్లో అదీ లేదు. నా టాపిక్ గ్రహాంతరవాసులు కాదు, బోర్డుకి ఎంతో ఇష్టమైన, అందరూ గౌరవించే పాత టాపిక్. అయినా ఇదే గతి. కాబట్టి చెల్లీ, సేఫ్ టాపిక్ తీసుకుంటే ఉద్యోగం వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకు. ఎలాగూ రానప్పుడు నచ్చిందే చెయ్యి. నెట్ ఉంది కాబట్టి డిగ్రీ కాలేజీ నోటిఫికేషన్ పడితే రాయొచ్చు. పీహెచ్‌డీ పార్ట్‌టైమ్‌లో పెట్టుకో.

ఇంకోటి. సువిన్ 31 ఏళ్ళ ఉద్యోగం 1968లో మొదలైంది. అప్పట్లో అక్కడ యూనివర్సిటీలు జనాన్ని పిలిచి ఉద్యోగాలిచ్చిన కాలం. ఆ రోజులు అక్కడా లేవు ఇప్పుడు.

అట్లాంటా_కాకి | మంగళవారం ఉదయం 6:05

ఇది నిజం. ఇక్కడ పీహెచ్‌డీలు క్యాబ్ నడుపుతున్నారు. కానీ భారతీయ సైన్స్ ఫిక్షన్ మీద పనిచేసేవాళ్ళకి ఇప్పుడు కాస్త గాలి అనుకూలంగా ఉంది. బోధిసత్వ చట్టోపాధ్యాయ అని నార్వేలో ఓస్లో యూనివర్సిటీలో ఉన్నారు, "కోఫ్యూచర్స్" అని పెద్ద ప్రాజెక్టు నడిపించారు, యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ గ్రాంటుతో. ఆయన మూలం బెంగాలీ సైన్స్ ఫిక్షన్. సామి అహ్మద్ ఖాన్ పుస్తకం 2021లో వచ్చింది, భారతీయుల ఇంగ్లీషు సైన్స్ ఫిక్షన్ మీద. సుపర్ణో బెనర్జీది 2020లో. బెంగాలీకి మనుషులున్నారు, ఇంగ్లీషుకి ఉన్నారు. తెలుగు గురించి ఆ పుస్తకాల్లో వెతుక్కోవాలి. ఖాళీ కుర్చీ కనిపిస్తుంటే నిలబడి ఉంటావెందుకు?

మట్టిగాజులు | మంగళవారం సాయంత్రం 5:30

బడి నుంచి వచ్చి రాస్తున్నా. నిన్న రాత్రి పాత కాగితం గారు రాసింది చదివాక కోపం కొంచెం దిగింది. ఒక ఆలోచన కూడా వచ్చింది, తప్పయితే దిద్దండి.

కాశీమజిలీ కథల కట్టుబాటు గుర్తుంది కదా. మణిసిద్ధుడనే యతి కాశీకి పోతూ గోపన్న అనే పశువుల కాపరిని తోడు తీసుకెళ్తాడు. ప్రతి మజిలీలోనూ గోపన్న ఊళ్ళోకి వెళ్ళి ఏదో ఒక వింత చూసొస్తాడు. అందరూ చూసీ చూడనట్టు వదిలేసేదే. వీడు మాత్రం "ఇదెందుకు ఇలా ఉంది, చెప్తేగాని కదలను" అని భీష్మించుకుంటాడు. మాస్టారు చెప్పిన గెలీలియో దీపం ఇదే కదా! ఎస్ట్రేంజ్‌మెంట్ దాకా గోపన్న సువిన్ గీతకి ఇవతలే ఉన్నాడు. జవాబు దగ్గరే బండి పక్కకి తిరుగుతుంది. మణిసిద్ధుడు లెక్క కట్టడు, తన దగ్గరున్న మణి మహిమతో జరిగినదంతా తెలుసుకుని చెబుతాడు. ప్రశ్న సైన్స్ ఫిక్షన్‌ది, జవాబు ఫాంటసీది.

ఆయన గీత మన కథకి బయట లేదు. నట్టింట్లోంచి పోతోంది.

పాత_కాగితం | మంగళవారం సాయంత్రం 6:15

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. నిజంగా. మా ఆవిడ ఏమైందని అడిగింది.

బాలానగర్_లేత్ | మంగళవారం సాయంత్రం 6:40

సరే, పార్టీ మళ్ళీ మారుతున్నా. దీని మీద 300 పేజీలైతే చదువుతా. చెల్లీ, బీఈడీ వద్దులే.

రేపల్లె_ప్యాసింజర్ | గురువారం రాత్రి 9:20

రెండు రోజులు రాయలేదు, క్షమించండి. సినాప్సిస్ మొత్తం పక్కన పడేసి కొత్తగా పన్నెండు పేజీలు రాశాను. మట్టిగాజులు మేడమ్, మీ గోపన్న సంగతి వాడుకున్నాను, అడగకుండా. కోప్పడకండి. "కాగ్నిటివ్ ఎస్ట్రేంజ్‌మెంట్" ఇప్పుడు రెండే చోట్ల ఉంది, రెండు చోట్లా అది ఏమిటో నా మాటల్లో చెప్పాను. టైటిల్ ఇంకా కుదరలేదు. కాశీమజిలీ నుంచి చందమామ సీరియళ్ళ దాకా తెలుగు కథలో వింతకి జవాబు ఎలా చెప్పారు, ఎక్కడ మహిమతో చెప్పారు, ఎక్కడ తర్కంతో చెప్పారు అనేది విషయం. సువిన్ నాకు దేవుడూ కాదు, శత్రువూ కాదు. ఆయన గీసిన గీత మీద నడుస్తూ పోతాను, అది ఎక్కడ వంకర తిరిగితే అక్కడ నా అధ్యాయం.

వేరే ఊళ్ళో ఒక మేడమ్‌కి మెయిల్ చేశాను. "మొదటి అధ్యాయం ఇరవై పేజీలు రాసి పంపు, తర్వాత మాట్లాడదాం" అని జవాబిచ్చారు. నవ్వలేదు, కనీసం మెయిల్‌లో. ఇంట్లో బీఈడీ మాట ఇంకా నడుస్తోంది.

ఇప్పుడు అసలు సమస్య. చందమామ సీరియళ్ళు విడివిడిగా అక్కడక్కడా దొరుకుతున్నాయి గానీ, ఒక సీరియల్ మొదటి నుంచి చివరి దాకా, చిత్రా గారి బొమ్మలతో, అచ్చు కాగితం మీద చూడాలని ఉంది. పక్క పేజీలో ఏముందో, ఆ నెల ఎక్కడ ఆపారో అదంతా కావాలి. ఎవరి దగ్గరైనా ఉందా?

మట్టిగాజులు | గురువారం రాత్రి 9:41

కోపమెందుకు తల్లీ, గోపన్న నా సొంత ఆస్తా?

మా అమ్మ సీరియళ్ళు నెలనెలా పేజీలు కత్తిరించి, దబ్బనంతో కుట్టి, అట్ట వేసి ఉంచేది. అటక మీద ఒక ట్రంకు పెట్టె నిండా ఉన్నాయి. ఇప్పుడే నిచ్చెన వేయించి దింపించాను. మూడు సీరియళ్ళు నిండుగా ఉన్నాయి. కాకపోతే కత్తిరించినవి కాబట్టి పక్క పేజీలు లేవు. నాలుగోది నాకు అన్నిటికంటే ఇష్టమైనది, దాని చివరి రెండు నెలలూ ఎలుకలు కొట్టేశాయి. వచ్చే ఆదివారం వచ్చి తీసుకెళ్ళు. అడ్రసు వేరేగా పంపిస్తా. బస్సు దిగాక ఫోన్ చెయ్యి, మా అన్నయ్య బండి మీద వస్తాడు. వాడే చిన్నప్పుడు నాతో తర్కించినవాడు. ఆ చివరి రెండు భాగాల్లో ఏం జరిగిందో తనకి గుర్తుందంటాడు. నాకు గుర్తున్నది వేరు.